రావణుడు కులాసాయేనా? – శ్లేష కథ

రాజమహేంద్రవరంలో బస్సు ఎక్కి కోనసీమ వైపు వెళ్తుంటే ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఇలాంటి సంభాషణ మీ చెవిన పడవచ్చు.

"ఎక్కణ్ణుంచండీ రావడం?"

"లంక నుంచండి."

"ఆయ్! రావణాసురుడు కులాసాయేనాండీ?"

చుట్టుపక్కలవాళ్ళు నవ్వుతారు. లంక నుంచి వచ్చినాయన కూడా నవ్వవచ్చు. లేదా, "ఈ మాట వినడం ఇది వెయ్యోసారి" అన్నట్టు కిటికీలోంచి బయటకు చూడనూవచ్చు. ఒకే మాట ఒకరికి నవ్వు, ఇంకొకరికి విసుగు ఎందుకు తెప్పిస్తుంది? ఈ ప్రశ్న వెంట పడితే మన భాష ఎలా కట్టబడిందో, మన మెదడు మాటలను ఎలా అందుకుంటుందో కూడా కొంత తెలుస్తుంది.

ముందు ఆ లంక సంగతి చూద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ అనే రెండు ప్రధాన పాయలుగా చీలుతుంది. ఏటి మధ్య ఒండ్రుమట్టి మేట వేయగా ఏర్పడిన దిబ్బలను అక్కడివాళ్ళు లంకలు అంటారు. వాటిలో ఊళ్ళున్నాయి, తోటలున్నాయి. ఎదుర్లంక, ఊబలంక, కేదార్లంక వంటి ఊరి పేర్లు మీరు వినే ఉంటారు. రామాయణంలోని లంక వేరు, గోదావరి లంక వేరు. మాట మాత్రం ఒక్కటే. ఇలా ఒకే మాటలో రెండు అర్థాలు మెరిసేట్టు పలకడాన్ని శ్లేష అంటారు.

తెలుగులో శ్లేష ఎందుకు సులువు?

ఈ మాటలు చూడండి. "చెప్పు" కాలికి తొడుక్కునేది; పలకమని ఆజ్ఞ కూడా. "పెరుగు" గిన్నెలో తోడుకునేది. ఎదగమని దీవెన కూడా. "కుట్టు" దర్జీ వేసేది. తేలు చేసే పని కూడా. "పన్ను" నోట్లో ఉండేది. పంచాయతీకి కట్టేది కూడా. "వేలు" చేతికి అయిదు. వెయ్యికి బహువచనం కూడా. ఇక "అడుగు" ఒక్కటే నలుగురి పని చేస్తుంది. 12 అంగుళాల కొలత, నడకలో వేసే పాదం, గిన్నె కింది భాగం, ప్రశ్నించమనే ఆజ్ఞ – అన్నీ అదే.

ఇదంతా కాకతాళీయం కాదు. అచ్చ తెలుగు మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అందులోనూ "ఉ"తో ముగిసేవి చాలా ఎక్కువ. చనువున్నవాడికి పని చెప్పేటప్పుడు మనం క్రియకు ఏమీ చేర్చం. చెప్పు, అడుగు, కుట్టు, నూరు అని ధాతువునే పలుకుతాం. అవీ "ఉ"తోనే ముగుస్తాయి. ఒకే అచ్చులో పోసినట్టుండే రెండు రకాల మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోవడంలో ఆశ్చర్యం లేదు. బయటినుంచి వచ్చిన మాటలకు కూడా మనం ఆ "ఉ"నే తొడుగుతాం. అందుకే రోడ్డుమీద పరుగెత్తే "కారు", "వాళ్ళు మనవాళ్ళు కారు" అన్నప్పటి "కారు" ఒకేలా వినిపిస్తాయి.

మరి మర్యాదగా "అండి" చేర్చి మాట్లాడితే ఈ గొడవ తీరిపోతుందా? గోదావరి జిల్లాల్లో తీరదు! అక్కడ "అండి" క్రియకే కాదు, నామవాచకానికి కూడా తగిలిస్తారు. ఈ బేరం వినండి.

"పచ్చడి సీసా ఎంతండీ?"

"నూరండి."

"కొనుక్కుందామని వచ్చానండీ, నూరడానికి కాదు!"

అమ్మేవాడు చెప్పింది వంద రూపాయలని. కొనేవాడు తీసుకున్నది రోట్లో నూరమని. పచ్చడి దగ్గర రెండు అర్థాలూ అతికాయి.

శ్లేషలో రెండు రకాలున్నాయని మన ఆలంకారికులు ఏనాడో గుర్తించారు. మాటను విరవకుండానే రెండర్థాలు వస్తే అభంగశ్లేష. లంక, నూరు ఆ కోవలోవి. మాటను వేరేచోట విరిస్తే రెండో అర్థం వచ్చేది సభంగశ్లేష. "రారాజు" అంటే రాజులకు రాజు. విరిచి పలికితే "రా, రాజు" అని పిలుపు. "నాకేమీ పాలుపోలేదు" అంటే ఏం చేయాలో తోచలేదని. విరిస్తే పాలవాడి సంగతి! రాసేటప్పుడు మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదులుతాం గాని, మాట్లాడేటప్పుడు అలా వదలం. ధ్వని ఒకే ధారగా వస్తుంది. ఎక్కడ విరవాలో వినేవాడి మెదడే నిర్ణయించుకోవాలి. సంధులు ఎక్కువగా చేసే తెలుగులో ఆ పని మరికాస్త ఎక్కువ. శ్లేష వేసేవాడు దొంగచాటుగా ప్రవేశించేది ఆ సందులోంచే.

మెదడులో ఏం జరుగుతుంది?

"అన్నంలో పెరుగు వేసుకున్నాను" అని ఎవరైనా అంటే మీకు ఎదగడం గుర్తుకు రాదు. కనీసం రాలేదనే మీరనుకుంటారు. కాని మీకు తెలియకుండా అది కూడా ఒక్క క్షణం వచ్చి పోయి ఉంటుందనడానికి మంచి ఆధారం ఉంది.

1979లో డేవిడ్ స్విన్నీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక తెలివైన ప్రయోగం ప్రకటించాడు. ఇంగ్లీషులో "బగ్" అనే మాటకు పురుగు అనీ, రహస్యంగా మాటలు వినే పరికరం అనీ రెండర్థాలున్నాయి. గదిలో సాలీళ్ళు, బొద్దింకలు, ఇంకా ఇతర "బగ్"లు కనిపించాయని చెప్పే వాక్యాన్ని కొందరికి వినిపించాడు. ఇక్కడ పురుగు అనే అర్థం తప్ప మరొకదానికి చోటు లేదు. ఆ మాట వినిపించిన మరుక్షణమే తెర మీద కొన్ని అక్షరాలు చూపి, అవి నిజమైన మాటేనా కాదా చెప్పమన్నాడు. ఒక అర్థానికి చెందిన విషయం మనసులో అప్పటికే మేలుకొని ఉంటే, దానికి దగ్గర మాటను మనం ఇంకా త్వరగా గుర్తుపడతాం.

ఫలితమేమిటో తెలుసా? "చీమ" అనే అర్థమున్న మాటను త్వరగా గుర్తుపట్టారు, అది ఊహించిందే. కాని "గూఢచారి" అనే అర్థమున్న మాటను కూడా అలాగే త్వరగా గుర్తుపట్టారు! ఏ సంబంధమూ లేని మాటకు మాత్రం ఎక్కువ సమయం పట్టింది. మూడు అక్షరాలు పలికేంత వ్యవధి ఇచ్చి మళ్ళీ పరీక్షిస్తే, అప్పటికి సందర్భానికి తగిన పురుగు అర్థమే మిగిలింది. రెండోది ఆరిపోయింది.

అంటే మాట చెవిన పడగానే మెదడు దాని అర్థాలన్నింటినీ గుమ్మం దాకా పిలుస్తుంది. సెకను గడిచేలోగానే తగినదాన్ని లోపలికి రానిచ్చి, తక్కినవాటిని పంపించేస్తుంది. శ్లేష చేసే పని ఇదే: వెళ్ళిపోతున్న ఆ రెండో అర్థాన్ని చేయి పట్టుకుని వెనక్కి లాక్కురావడం. అప్పుడు ఒకే మాట రెండు అర్థాలతో మన ముందు నిలబడుతుంది. ఆ తికమక, అది విడిపోవడం, ఈ రెండూ కలిసి మనకు సరదా కలిగిస్తాయి.

2001లో వినోద్ గోయల్, రేమండ్ డోలన్ అనే శాస్త్రజ్ఞులు హాస్యోక్తులు వింటున్నవారి మెదడును స్కానింగ్ యంత్రంతో పరిశీలించారు. భావం మీద ఆధారపడిన జోకులు వింటే మెదడు రెండు వైపులా కణతల దగ్గరి భాగాలు చురుకైనాయి. శ్లేషలు వింటే మాత్రం ఎడమవైపున మాటల ధ్వనులతో, పలకడంతో సంబంధమున్న భాగాలు చురుకైనాయి. నవ్వు వచ్చినప్పటి ఆనందానికి సంబంధించిన భాగం మాత్రం రెండింటికీ ఒకటే. దారులు వేరు, చేరే రేవు ఒకటి.

మంచి శ్లేషకు గీటురాయి

అయితే అన్ని శ్లేషలూ ఎందుకు నవ్వించవు? రెండు ఉదాహరణలు పోల్చి చూద్దాం.

"తాపేశ్వరం కాజాలు బల్లమీద పెట్టాను. లెక్కపెట్టాను కూడా. ఎవరూ కాజేయకండి." ఇక్కడ కాజా, కాజేయడం రెండూ పనికొచ్చే మాటలే. ఇంట్లో పిల్లలున్నారు, మిఠాయి ఉంది, దొంగతనం జరిగే అవకాశమూ ఉంది! శ్లేష వల్ల మాట ఆగలేదు. చెప్పదలచుకున్నది మరింత బాగా చెప్పినట్టయింది.

ఇంకొకటి. మీ స్నేహితుడు "నిన్న పాలకొల్లు వెళ్ళొచ్చాను" అని మొదలుపెట్టాడు. మీరు వెంటనే "పాలు ఎన్ని లీటర్లు కొల్లగొట్టావు?" అన్నారు. పాలకొల్లు పేరులో పాలు వినిపించే మాట నిజమే. అక్కడి పంచారామ క్షేత్రంలోని స్వామి పేరు కూడా క్షీరారామలింగేశ్వరుడే, క్షీరమంటే పాలు. కాని మీ స్నేహితుడు చెప్పబోయింది వాళ్ళ మామ్మకు ఒంట్లో బాగాలేదని. మీరు అందుకున్నది ఊరి పేరు చప్పుడును, వదిలేసింది మనిషిని. అతను ఒక్క క్షణం ఆగుతాడు. పొడిగా నవ్వుతాడు. ఆ తరువాత మామ్మ సంగతి చెప్పడు.

ఇక్కడ మాట్లాడుకోవడంలోని మరో విశేషం గమనించాలి. 2009లో ప్రకటించిన ఒక పరిశీలనలో 10 భాషలవాళ్ళ సంభాషణలు కొలిచి చూశారు. ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి మధ్య వ్యవధి సుమారుగా సెకనులో అయిదో వంతు మాత్రమే. కాని ఒక మాటను మనసులో తయారుచేసుకుని పలకడానికి సెకనులో సగానికి పైనే పడుతుంది. అంటే ఎదుటివారు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నామన్నమాట. అవతలి మాట పూర్తిగా విని ఆలోచించి ఇచ్చే జవాబుకు సమయం కావాలి. శ్లేషకు ఒక్క మాట దొరికితే చాలు. అందుకే శ్లేషరాయుడు అందరికంటే ముందు నోరు తెరుస్తాడు, మాట వంతు లాగేసుకుంటాడు. వినేవాళ్ళ విసుగు తరచుగా ఆ శ్లేష మీద కాదు, ఆ లాగేసుకోవడం మీద.

సభలో శ్లేషకు కుర్చీ

మన పెద్దలు ఈ చిక్కుకు ఒక చక్కని ఏర్పాటు చేశారు. అవధానం గురించి మీరు తెలుగు వాచకంలో చదివే ఉంటారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని ఎనిమిది రకాలుగా పరీక్షిస్తారు. సమస్య ఇచ్చేవారు ఒకరు, నిషిద్ధాక్షరి నడిపేవారు ఒకరు, దత్తపది ఇచ్చేవారు ఒకరు. వారిలో ఒకరి పని మాత్రం వింతగా ఉంటుంది. అవధాని పద్యం ఆలోచిస్తుండగా అడ్డుతగిలి, సంబంధం లేని చిలిపి ప్రశ్నలు వేయడమే ఆయన పని! దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. ఆయన ప్రశ్నల్లో శ్లేష ఉంటుంది, వెటకారం ఉంటుంది. అవధాని అంతకు మించిన చమత్కారంతో జవాబు చెప్పి, మళ్ళీ తన పద్యం దగ్గరికి రావాలి. చివరికి చెప్పిన పద్యాలన్నీ మరిచిపోకుండా అప్పజెప్పాలి.

ఈ విద్యను తెలుగుదేశమంతటా మారుమోగించిన జంటకవులు తిరుపతి వేంకట కవులు గోదావరి సీమవారే. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920) భీమవరం దగ్గరి యండగండిలో పుట్టారు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) రాజమహేంద్రవరం దగ్గరి కడియంలో పుట్టారు. పద్యకావ్యంలోనైతే శ్లేషను ఇంకా దూరం తీసుకుపోయినవారున్నారు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం అనే కావ్యంలో ఒకే పద్యం ఒకలా చదివితే రామాయణం, మరొకలా చదివితే భారతం వచ్చేట్టు రాశాడు. వచనానికి వస్తే ధవళేశ్వరంలో 1931లో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ, సినిమా సంభాషణలకు వస్తే నరసాపురంలో 1951లో పుట్టిన జంధ్యాల మాటలతో ఎలా ఆడుకున్నారో మీ ఇంట్లో పెద్దలను అడగండి.

అవధాన సభలో అడ్డుతగిలే ఆయన మీద ఎవరికీ కోపం రాదు. ఎందుకు? ఆయనకంటూ ఒక కుర్చీ వేశారు. ఆ పని చేయమని అందరూ ఒప్పుకున్నారు. జవాబు చెప్పగల అవకాశం అవధానికి ఉంది. ఆ తరువాత పద్యం ముందుకు సాగుతుంది. ఇంట్లో, బడిలో, బస్సులో మనకు ఆ కుర్చీ ఎవరూ వేయలేదు. అక్కడ ఆ సమయం వచ్చిందో లేదో మనమే చూసుకోవాలి.

అదే శ్లేష, వేరే నోరు

కొన్ని చోట్ల శ్లేష విసుగుతో ఆగదు, గుచ్చుకుంటుంది. పేర్ల సంగతి చూడండి. మన ఇంటిపేర్లలో చాలా ఊళ్ళ పేర్లు, చెట్ల పేర్లు, వస్తువుల పేర్లు ఉన్నాయి. "చింత" ఇంటిపేరు గలవాణ్ణి "నీకేం చింతరా?" అనడం అన్నవాడికి కొత్త. విన్నవాడికి కాదు. రోజుకు ఇద్దరు అన్నారనుకుందాం. బడి 200 రోజులు నడిస్తే ఏడాదికి 400 సార్లు! వేసేవాడికి ప్రతిసారీ మొదటిసారే. పడేవాడికి 400వ సారి. ఈ లెక్క తెలిస్తే బస్సులో లంక పెద్దాయన కిటికీలోంచి ఎందుకు చూశాడో అర్థమవుతుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఒకటుంది. గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూసి హెచ్చరికలు ఇస్తారు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో అక్కడ సెకనుకు 35 లక్షల ఘనపుటడుగులకు మించి నీరు పారింది. లంకలు మునిగాయి, గట్లు తెగాయి. అలాంటి రోజున ఒకరు "ఇంట్లో ఎన్ని అడుగులండీ?" అని కంగారుగా అంటే, గట్టు మీద పొడిగా నిలబడినవాడు "నన్నడుగుతారేం, గోదారినడగండి" అని చమత్కరించాడనుకోండి. ఎలా ఉంటుంది?

ఇప్పుడు అదే మాట, మోకాటిలోతు నీళ్ళలో బియ్యం బస్తా అటకెక్కిస్తున్న ఇంటాయనే అన్నాడనుకోండి. "నన్నడుగుతారేంటండీ, గోదారమ్మనడగండి. ఆవిడే కదా అడుగులు వేసుకుంటా వచ్చింది!" పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వుతో కాస్త ఊపిరి తిరుగుతుంది, మరో బస్తా ఎత్తడానికి చేయి సాయం వస్తుంది. మాట ఒక్కటే, అర్థాలు అవే. మారింది పలికిన నోరు. కష్టం పడుతున్నవాడు వేసే శ్లేష ధైర్యం. చూస్తున్నవాడు వేసే శ్లేష ఎగతాళి. గోదావరివాళ్ళ వెటకారంలో కారం ఉందంటారు. నిజమే, కాని మమకారంలోనూ అదే కారం ఉంది. ఏది పలుకుతున్నామన్నదే తేడా.

తట్టడం వేరు, పలకడం వేరు

స్విన్నీ ప్రయోగం చెప్పిన సంగతి మళ్ళీ గుర్తు చేసుకోండి. మాట వినగానే రెండర్థాలూ రావడం ప్రతి మనిషికీ జరిగేదే. కనుక శ్లేష తట్టినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. దాన్ని పైకి అనాలా వద్దా అన్నది మాత్రం మన చేతిలో ఉంది.

ఆ అదుపు ఎంత విలువైనదో వైద్యులకు తెలుసు. మెదడు ముందుభాగం దెబ్బతిన్న కొందరు రోగులు, వేళాపాళా లేకుండా శ్లేషలు, జోకులు వేస్తూనే ఉంటారు. ఆపమన్నా ఆపలేరు. 1890లో హెర్మన్ ఓపెన్‌హైమ్ అనే జర్మన్ వైద్యుడు దీనికి "విట్జెల్‌జుఖ్ట్" అని పేరు పెట్టాడు. హాస్యపు పిచ్చి అని చెప్పుకోవచ్చు. చిత్రమేమిటంటే, ఇలాంటి రోగుల్లో చాలామంది ఇతరులు వేసిన జోకులకు నవ్వరు. ఇది అరుదైన జబ్బు. మీ తరగతిలో ఎక్కువగా శ్లేషలు వేసే కుర్రవాడికి ఇది అంటగట్టకండి! బండికి పరుగు ఎంత అవసరమో బ్రేకు కూడా అంత అవసరమని చెప్పడానికే ఇది.

మీరు కూడా ఒక చిన్న పరిశీలన చేయవచ్చు. జేబులో ఒక కాగితం పెట్టుకోండి. వారం రోజుల పాటు మీరు విన్న ప్రతి శ్లేషనూ రాసుకోండి. పక్కన మూడు గడులు గీయండి. మొదటి గడిలో అది అభంగమా, సభంగమా రాయండి. రెండో గడిలో రెండర్థాలూ ఆ సందర్భానికి పనికొచ్చాయా లేదా రాయండి. మూడో గడి ముఖ్యమైనది: ఆ శ్లేష తరువాత మొదట మాట్లాడుతున్న మనిషి తన మాట కొనసాగించాడా, మానేశాడా? ఎవరి పేరూ రాయవద్దు. మీ శ్లేషలు కూడా లెక్కలో వేయండి.

వారం చివర ఆ మూడో గడి చూసుకోండి. "కొనసాగించాడు" ఎక్కువగా ఉంటే మీ చుట్టూ మంచి చమత్కారులున్నట్టు. "మానేశాడు" ఎక్కువగా ఉంటే, ఆ మానేసిన మాటల్లో ఏదో ఒకటి మీరు వినవలసింది ఉండి ఉంటుంది. వెళ్ళి అడగండి. ఈసారి "అడుగు"కు ఒక్కటే అర్థం.